ధ్రువజ్యోతిని చూడబోవు వారికి
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



ఈ వేదికపై ఏటేట పరీక్షా ఫలితములను గూర్చి మాటలాడుట నాకు వాడుక. ఈ సంవత్సరము ఆ లెక్కలను నివేదికలో చేర్చి, వేరొక విషయమును మనవి చేయుచున్నాను.

క్రిందటి శీతకాలమున మన పూర్వవిద్యార్థి తల్లిగారొకరు నా గదికి వచ్చిరి. ఆమె కుమారుడు కెనడా దేశమున ఎడ్మంటన్ నగరములో ఉద్యోగము చేయుచున్నాడు. "మాస్టరుగారూ! ఆకాశములో ఏవో రంగుల వెలుగులట. వాటిని ఫొటో తీయుటకు అర్ధరాత్రి ఒంటరిగా ఊరి వెలుపలికి పోదునని వ్రాసినాడు. నాకు కంటిమీద కునుకు లేదు. మీరు చెప్పిన వినును" అని వాపోయిరి. వలదని వ్రాయుటకు నాకు మనసొప్పలేదు. ఊరక పొమ్మనుటకు ధైర్యము చాలలేదు. కావున తెలిసినంతవరకు అతనికి దీర్ఘమైన ఉత్తరము వ్రాసితిని. మన పిల్లలు పలువురు శీతల దేశములలో నున్నారు గనుక దాని సారము మీకును ఉపకరించును.

ఆ వెలుగు పేరు ఉత్తర ధ్రువజ్యోతి. సూర్యునినుండి విద్యుత్కణములు ఎడతెగక వెలువడుచుండును. భూమి యొక్క అయస్కాంత క్షేత్రము వాటిలో కొన్నిటిని ధ్రువముల వైపునకు మరల్చును. అవి వాయుమండలపు పై పొరలలోని ఆమ్లజని, నత్రజని కణములను తాకగా వెలుగు పుట్టును. సుమారు 100 కిలోమీటర్ల పైని ఆమ్లజని ఆకుపచ్చగా, 200 కిలోమీటర్లు దాటినచో ఎరుపుగా వెలుగును. సూర్యునిపై గొప్ప విస్ఫోటము జరిగిన ఒకటి మొదలు మూడు దినములలో ఆ కణముల వెల్లువ మనలను చేరును. 2024 మే నెలలో వచ్చిన మహా తుపాను వేళ మన లడఖ్‌లోని హాన్లే వద్ద సైతము కెమెరాలు ఎర్రని కాంతిని పట్టుకొన్నవి.

దానిని చూచుటకు మూడు కలిసిరావలెను: చీకటి, నిర్మలమైన ఆకాశము, సూర్యుని అలజడి. ఎడ్మంటన్‌లో జూన్ నెల రాత్రులు పూర్తిగా చీకటి పడవు. కాన ఆ నెల పనికిరాదు. సెప్టెంబరు, మార్చి నెలలు అనుకూలములు. అప్పుడు అయస్కాంత తుపానులు అధికము. అమావాస్యకు దగ్గరి రాత్రులు మేలు. రాత్రి పది మొదలు రెండు గంటల వరకు వేచియుండవలెను. అచ్చటి ఆల్బర్టా విశ్వవిద్యాలయమువారు ధ్రువజ్యోతి సూచనలను ప్రకటించుచుందురు. వాటితోపాటు మబ్బుల సమాచారమును తప్పక చూడవలెను. ఒక్క రాత్రినే నమ్ముకొన్నవాడు తరచుగా నిరాశ పొందును.

నగర దీపములనుండి దూరముగా పోవలెను. ఎడ్మంటన్‌కు తూర్పున సుమారు 50 కిలోమీటర్లలో ఎల్క్ ఐలండ్ జాతీయోద్యానము కలదు. దానితో కూడిన ప్రాంతమును 2006లో చీకటి ఆకాశ సంరక్షణ క్షేత్రముగా ప్రకటించిరి. అయితే అచ్చట అడవి దున్నలవంటి బైసన్లు తిరుగుచుండును. వాటికి 100 మీటర్ల దూరములో నుండవలెను.

ఇక ఫొటో సంగతి. కెమెరాను ముక్కాలిపీటపై కదలకుండ నిలుపవలెను. ఒక నక్షత్రముపై దృష్టి కుదుర్చుకొని, కటకపు రంధ్రమును పూర్తిగా తెరచి, ఐదు మొదలు పదిహేను సెకండ్లు వెలుగును లోనికి రానీయవలెను. చలికి బ్యాటరీ త్వరగా నీరసించును. కాన రెండవదానిని లోపలి జేబులో వెచ్చగా నుంచవలెను. తిరిగి వచ్చిన పిమ్మట కెమెరాను సంచిలోనే కొంతసేపు మూసియుంచనిచో దానిపై చెమ్మ పట్టును.

చివరగా ప్రాణరక్షణ. అచ్చట చలి సున్నకు దిగువ 30 డిగ్రీలకు చేరుట కలదు. ఒంటరిగా పోరాదు. తిరిగివచ్చు వేళను ఒకరికి చెప్పి పోవలెను. కారులో ఇంధనము నిండుగా, కంబళ్లు సిద్ధముగా నుండవలెను. ఇంజను నడుచుచుండగా పొగగొట్టమునకు మంచు అడ్డుపడినచో విషవాయువు లోనికి చేరును.

ఆ అబ్బాయి నా మాట మన్నించి ఒక మిత్రునితో వెళ్లెను. మొదటి రాత్రి మబ్బు. రెండవ రాత్రి ఏమియు కానరాలేదు. మూడవ రాత్రి పంపిన చిత్రమున ఆకాశమంతయు పచ్చని తెరవలె నుండెను. "నా కంటికి మాత్రము మొదట తెల్లని పొగవలెనే కనిపించినదండీ; నిజము చెప్పుచున్నాను" అని వ్రాసెను. మసక వెలుగులో మన కన్ను రంగులను చక్కగా గుర్తింపజాలదు. కెమెరా వెలుగును కూడబెట్టుకొనును. చిత్రము అబద్ధము కాదు, కన్నును అబద్ధము కాదు. చిత్రము పంపినప్పుడు కన్ను చూచినదానిని సైతము చెప్పుటయే విద్య. ఆ ఒక్క వాక్యము చదివి, నా బోధన వ్యర్థము కాలేదని తలచితిని.

మన బరంపురమునుండి ఆ జ్యోతి కానరాదు. కాని ధ్రువనక్షత్రము ఉత్తరమున సుమారు 19 డిగ్రీల ఎత్తున కనబడును. ఎడ్మంటన్‌లో 53 డిగ్రీల పైనుండును. అమావాస్య రాత్రి ఇంటి దీపములార్పి, పిల్లలను మేడపైకి తీసికొనిపోయి, అరగంట చీకటికి కన్నులను అలవాటు పడనిచ్చి దానిని చూపుడు. దూరముననున్న బిడ్డయు అదే నక్షత్రమును చూచుచుండునని ఆ తల్లిగారికి చెప్పితిని. మీకును అదే నా మనవి.

సెలవు.