ఆవలు, బీలలు: గ్రామపెద్దలు చేయవలసిన పరిశీలన



నీటికిని నేలకును నడుమనున్న పల్లపుభూమిని మన పూర్వులు ప్రత్యేకముగా గుర్తించిరి. అమరకోశమున భూమివర్గమునందు జలప్రాయమైన ప్రదేశమునకు అనూపమనియు, కచ్ఛమనియు పేరులు కానవచ్చుచున్నవి. ఆయుర్వేదము దేశమును జాంగలము, ఆనూపము, సాధారణము అని మూడు విధములుగ విభజించినది. శాస్త్రములతో నిమిత్తము లేకయే మన రైతులును బెస్తలును ఇట్టి నేలలకు తమ పేరులు తాము పెట్టుకొనిరి. శ్రీకాకుళము జిల్లా సోంపేట ప్రాంతమున దీనిని బీల యందురు. ఆ జిల్లాలోనే తంపర యను మాటయు గలదు. మన అనకాపల్లి జిల్లాలోను, గోదావరి ప్రాంతమునందును ఆవ యందురు. నేటి చట్టములు దీనినే చిత్తడినేల యని వ్యవహరించుచున్నవి.

ఇట్టి నేల యంచున కర్మాగారమో, విడిదియిండ్లో, ఇండ్లసముదాయమో కట్టుదుమని గాని, ఉన్న కట్టడమును పెంచుదుమని గాని ఎవరైన ప్రతిపాదించినపుడు గ్రామపెద్దలు దాని నెట్లు పరిశీలింపవలెను? ఈ ప్రసంగమున నేను విచారింపదలచిన దీ విషయమే.

తటాకప్రతిష్ఠను సప్తసంతానములలో నొకటిగా పెద్దలు చెప్పిరి. చెరువు త్రవ్వించినవాని పేరు తరతరములు నిలుచును. ఆవను మాత్ర మెవ్వరును త్రవ్వింపలేదు. అందుచేత దానికి కర్త యని చెప్పుకొనువాడును లేడు, కాచువాడును లేడు. కోటవురట్లనుండి సముద్రపుదిక్కుగా పోయినచో అచ్యుతాపురము మండలమున కొండకర్ల ఆవ యున్నది. తాటిమ్రానులను తొలిచిచేసిన దోనెలపై జనులు దానిలో తిరుగుచుందురు. తామరలు పూయును, చలికాలమున దూరదేశపు పక్షులు వచ్చి దిగును. చూడవచ్చినవారు ఈ యందమునే చూచి పోవుదురు. దాని అసలుపని వేరు. వానకాలమున పైనుండి వచ్చిన నీటిని ఆవ తన కడుపున నిలుపుకొనును. దిగువపొలములు ఒక్కమారుగా మునిగిపోవు. నిలిచిన నీరు మెల్లగా నేలలోనికి దిగును. వేసవిలో చుట్టుప్రక్కల నూతులలో ఊట నిలుచును. సముద్రతీరమునందైనచో భూగర్భమునగల ఈ మంచినీటి బరువే ఉప్పునీటిని ఇవతలికి రానీయక ఆపుచుండును. పశువులకు మేతయు, బీదలకు చేపలును, చాపలల్లువారికి తుంగయు నిచ్చునదియు నిదియే.

ఇంతటి నేల బంజరని వ్రాయబడినపు డేమి జరుగునో సోంపేట బీల తెలుపుచున్నది. 2008వ సంవత్సరమున అప్పటి ప్రభుత్వము 2640 మెగావాట్ల బొగ్గువిద్యుత్కేంద్రమునకై ఆ బీలలో ఇంచుమించు 970 ఎకరముల భూమిని కేటాయించెను. కాగితములలో ఆ నేల పనికిరాని బంజరుగా వర్ణింపబడెను. స్థానికులకు తెలిసిన సంగతి వేరు. కొండలనుండి దిగిన నీరు సముద్రపుటిసుక మెరకకు లోపల నిలిచి, ఎత్తిపోతల మూలమున పొలములకు అందుచుండెను. బెస్తలకును పశువులకును అదే ఆధారము. 2009 ఆగష్టులో ప్రజాభిప్రాయసేకరణ సభ జరిగినది. జనులు తమ అభ్యంతరములను చెప్పిరి. అయినను ఆ సంవత్సరాంతముననే పర్యావరణపుటనుమతి లభించినది. కేంద్రప్రభుత్వమున విద్యుచ్ఛక్తిశాఖకు కార్యదర్శిగా పనిచేసి విరమించిన ఇ. ఏ. ఎస్. శర్మగారు మొదలైనవారు ఇది చిత్తడినేల యని పై యధికారులకు లేఖలు వ్రాసిరి. స్థానికులు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ నాశ్రయించిరి. 2010 జూలై 14వ తేదీన సోంపేటలో పనులు మొదలిడబోగా ఘర్షణ జరిగి, పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. ఆ దినముననే అప్పీలు సంస్థ పర్యావరణపుటనుమతిని రద్దుచేసినది.

ఈ వృత్తాంతమును నేను ఎవరినో నిందించుటకై చెప్పలేదు. న్యాయము జరిగిన దినముననే ప్రాణములు పోయినవి. అది బీల యను నిజము సభనాటికే అధికారుల పత్రములలో, కాదనుటకు వీలులేని రీతిని, ఎక్కియుండినచో ఆ దినము వచ్చెడిదే కాదేమో! నోటిమాట గాలిలో పోవును. వ్రాత నిలుచును. తప్పువ్రాతను ఒప్పువ్రాతయే తొలగింపగలదు. కావున పరిశీలన యనగా ఆగ్రహించుట కాదు, సకాలమున సాక్ష్యమును సమకూర్చుట.

ఇపు డమలులోనున్న నియమములను సంగ్రహముగ మనవిచేయుదును. 2017 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము చిత్తడినేలల సంరక్షణనియమములను ప్రకటించెను. ప్రకటితములైన చిత్తడినేలలలో ఆక్రమణము, ఇతరోపయోగములకు మార్చుట, పరిశ్రమలను నెలకొల్పుట, ఉన్న పరిశ్రమలను విస్తరించుట, చెత్త పోయుట, శుద్ధిచేయని మురికినీరు విడుచుట నిషిద్ధములు. పదిసంవత్సరముల వరదలలో నీరు చేరిన ఎత్తునకు సగటు కట్టి, ఆ గీతనుండి 50 మీటర్లలోపల పడవరేవులు తప్ప శాశ్వతమైన కట్టడమేదియు కూడదు. వరిపొలములు, నదీగర్భములు, సేద్యమునకును త్రాగునీటికిని మనుష్యులు త్రవ్విన చెరువులు ఈ నియమములలోనికి రావు. ప్రకటింపబడని ఆవల మాటేమి యందురా? దేశమున అంతరిక్షశాస్త్రజ్ఞులు గుర్తించిన 2,01,503 చిత్తడినేలలను సైతము 2010వ సంవత్సరపు చిత్తడినేలల నియమముల సూత్రముల ననుసరించి కాపాడవలెనని సుప్రీముకోర్టు 2017 ఫిబ్రవరిలో ఆదేశించినది, అవి 2.25 హెక్టార్లకు మించినవి. మీ ఆవ ఆ పట్టికలో నున్నదో లేదో తెలిసికొనుట మొదటిపని.

పిదప మీ ముందునకు వచ్చిన ప్రతిపాదనను నాలుగు ప్రశ్నలతో శోధింపుడు.

మొదటిది: నీటి గీత యెక్కడ? కొలతలవారు వేసవిలో వచ్చినచో ఆవ యెండి గట్టినేలవలె కనబడును. శ్రావణభాద్రపదములలో వచ్చినచో అదే సముద్రము. కొల్లేటి చరిత్ర యంతయు ఈ గీతను గూర్చినదే. 1999లో ఐదడుగుల మట్టమువరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యముగ ప్రకటితమైనవి. 2002లో కొల్లేరు రామ్‌సార్ జాబితాలో చేరి అంతర్జాతీయ గౌరవము నందినది. 2006లో లోపలి చేపలచెరువుల గట్లను ప్రభుత్వమే కొట్టించెను. తరువాత ఆ గీతను మూడడుగుల మట్టమునకు దింపవలెనని శాసనసభ తీర్మానించెను. కేంద్రము నియమించిన అజీజ్ సంఘము పరిశీలించి, దింపుట తగదని 2011లో నివేదించెను. రెండడుగుల తేడా మాటలలో స్వల్పము. పళ్లెమువంటి సరస్సులో అది వేల యెకరముల తేడా.

రెండవది: మెరక చేసినచోటి నీ రెక్కడికి పోవును? పల్లమున మట్టి పోసి గజమెత్తు లేపినచో అచ్చట నిలువవలసిన నీరు మాయమైపోదు. ప్రక్కపొలమునకో, ప్రక్కపేటకో పోవును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలను ముంచినది. కొల్లేటికి పోవలసిన ఆ యేటిదారిలో ఇండ్లు లేచియుండెను. తన దారి మూయబడిన నీరు ఇండ్ల దారి పట్టినది.

మూడవది: ఆ కట్టడము నీ రెచ్చటనుండి తెచ్చుకొనును, మురికి నెచ్చట విడుచును? రోజునకు ఎన్ని లీటర్లు, ఎన్ని బోర్లు, ఎంతలోతు అని అడుగుడు. తీరప్రాంతమున లోతుబోర్లు మితిమీరి తోడినచో ఉప్పునీరు లోపలికి చొచ్చుకొనివచ్చును. ఒకసారి ఉప్పెక్కిన నూయి మరల తీపియగుటకు ఒక తరము చాలకపోవచ్చును.

నాలుగవది: ఈ విస్తరణ తునుకయా, మొత్తమా? 20,000 చదరపు మీటర్లకు తక్కువైన కట్టడమునకు సాధారణముగా పర్యావరణపుటనుమతి యవసరము లేదు. అందుచే కొందరు మొదట చిన్నది కట్టి, యేటేట కొంత చేర్చుచుందురు. విడివిడిగ చూచినచో ఏదియు పెద్దది కాదు. ఉన్నది, కోరుచున్నది, ఇకముందు కట్టదలచినది యీ మూటిని కలిపి కాగితముమీద చూపుమని కోరుట మీ హక్కు.

ఇక విధానము. పెద్ద పరిశ్రమయైనచో 2006 సెప్టెంబరు 14వ తేదీ ప్రకటన ననుసరించి ప్రజాభిప్రాయసేకరణ సభ జరుపవలెను. దానికి 30 దినములు ముందుగ వార్తాపత్రికలలో ప్రకటింపవలెను. నివేదికయొక్క సారాంశము తెలుగులో కలెక్టరు కచేరియందును, పంచాయతీ కార్యాలయమునందును దొరకవలెను. ఈ నెలదినములే మీ పరీక్షాకాలము. చదువుకొన్న యువకునిచేత పెద్దగా చదివించి వినుడు. బంజరు, పోరంబోకు, నిరుపయోగము అనుమాట కనబడినచోట గీత గీయుడు. సభలో కలెక్టరు గాని ఆయన ప్రతినిధి గాని అధ్యక్షత వహించును. సభ ముగియునపుడు కార్యక్రమవివరమును తెలుగులో చదివి వినిపింపవలెను. మీ మాట అందులో చేరినదో లేదో విని, చేరనిచో అచ్చటనే చెప్పుడు. వ్రాసి యిచ్చిన అర్జీకి రసీదు పుచ్చుకొనుడు.

ఇండ్లకట్టడములకును, విడిదులకును సాధారణముగా ఇట్టి సభ యుండదు. అచ్చట గ్రామసభయే మీ వేదిక. తీర్మానమున కోపమును వ్రాయవద్దు. సర్వే నంబరు, నీరు వచ్చిన సంవత్సరము, వచ్చిన యెత్తు, పండిన పైరు, బ్రతికిన కుటుంబములు వ్రాయుడు. అనుమతి లభించిన పిదప చేయగలిగినదియు గలదు. ఇపుడు జాతీయ హరిత న్యాయస్థానము పనిచేయుచున్నది. దక్షిణదేశమునకు దాని పీఠము చెన్నపట్టణమున నున్నది. ఉత్తరువు తెలిసిన 30 దినములలోపల అప్పీలు చేసికొనవలెను. తగిన కారణము చూపినచో మరి 60 దినములు గడువీయవచ్చును. అటుపై తలుపు మూయబడును. కావున గడువు తేదీని పంచాయతీ గోడమీద వ్రాసిపెట్టుకొనుడు.

మీలో కొంద రడుగవచ్చును: "మా పిల్లలు పట్టణములకు వలసపోవుచున్నారు. ఇచ్చట నాలుగు పనులు వచ్చుచుండగా అడ్డుచెప్పుట ధర్మమా?" ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. ఉపాధి లేని ఊరిలో కొంగలు మాత్రము మిగిలిన నేమి ఫలము? అందుచేతనే నేను వలదనుడని చెప్పుటలేదు, పరిశీలింపుడని చెప్పుచున్నాను. మెరకనేల లేని ఊరు అరుదు. అదే కట్టడమును అరమైలు వెనుకకు, గట్టినేలకు జరుపగోరినచో ఎన్ని ఉద్యోగములు తగ్గును? ఒక్కటియు తగ్గదు. తగ్గునది యజమాని లాభములో కొంచెము. ఏలయన పల్లము చౌక, మెరక ప్రియము. ఆ చౌకదనమును ఎవరు భరించుచున్నారో లెక్కవేయుడు. ఊరివారికి ఎన్ని ఉద్యోగములు, ఎట్టివి, ఎన్నాళ్లకు అన్నదియు వ్రాతమూలముగ పుచ్చుకొనుడు. బెస్తవారును, పశువులకాపరులును, కౌలురైతులును సభకు వచ్చి కూర్చుండునట్లు చూడుడు. పట్టా లేనివాడు నష్టపరిహారపు పట్టికలోనికి రాడు. ఆవపై నాధారపడిన వారిలో పట్టా లేనివారే యెక్కువ.

చివరగ నొక్క విన్నపము. పదియేండ్ల వరదమట్టము అని నియమము చెప్పుచున్నది. అది మీకు కండ్లారా తెలిసినది. ఏ తుపానునాడు నీరు ఏ తాటిచెట్టు మొదలువరకు వచ్చినది, ఏ గుడిమెట్టు మునిగినది, ఏ యేడు పడవమీద ఊరు దాటవలసివచ్చినది అన్నవి మీరు రచ్చబండమీద చెప్పుకొను ముచ్చట్లు. ఈ వానకాలములోపల నలుగురు వృద్ధులు కూర్చుండి, సంవత్సరమువారీగ వానిని ఒక పుస్తకమున వ్రాయింపుడు. గుర్తులున్నచోట రాతిపై రంగుతో గీత వేయింపుడు. క్రింద అందరును చేవ్రాళ్లు చేసి, ఒక ప్రతిని పంచాయతీలోను, ఒక ప్రతిని బడిలోను ఉంచుడు. ప్రతిపాదన వచ్చిన పిమ్మట వ్రాసినచో దానిని అడ్డుచెప్పుటకై అల్లిన దందురు. ఏ ప్రతిపాదనయు లేని నాడు వ్రాసినది సాక్ష్యమగును. ఆ పుస్తకము మీ తరువాత వచ్చువారికి ఎకరములకంటె మిన్నగ ఉపకరించునని విన్నవించుచు ఇంతటితో విరమించుచున్నాను.