రౌటరుకు టైంటేబుల్ వ్రాసే ముందు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మాకు అప్పగించిన విషయము వినడానికి కొంచెం పొడిగానే ఉంటుంది. రౌటరు పెట్టెకు పనులు ముందే చెప్పి ఉంచి, వేళకు అదే చేసుకొనేటట్లు చేయుట. అయితే మన రీడింగు రూములో పదవ తరగతి పిల్లలు చదువుకొంటున్నారు కదా. రాత్రి పదిన్నరకు ఇంటర్నెట్ ఆగాలి, తెల్లవారి ఐదింటికి రావాలి అని తల్లిదండ్రులే అడిగారు. రోజూ వాచ్‌మన్ వచ్చి స్విచ్చి తీసి వేసే ఏర్పాటు ఎన్నాళ్లు సాగుతుంది?

బడిలో గంట కొట్టే ప్యూన్ కోసం గోడకు టైంటేబుల్ అంటించి ఉంటుంది. రౌటరులోనూ అటువంటిదే. యూనిక్స్ కంప్యూటర్లలో 1970ల నుండి క్రాన్ అనే నౌకరు ఉన్నాడు. అతని పట్టికలో ఒక్కో పంక్తికి ఐదు గళ్లు: నిమిషము, గంట, తేదీ, నెల, వారము. ఆ పక్కన చేయవలసిన పని. గడిలో నక్షత్రపు గుర్తు పెడితే ‘ప్రతి’ అని అర్థము. 30, 22, ఆపైన మూడు నక్షత్రాలు వ్రాస్తే ప్రతి రాత్రి పదిన్నర అన్నమాట. ఓపెన్‌వర్ట్ వేసిన చిన్న రౌటర్లలో ఈ పట్టికే ఉన్నది. లాట్వియా దేశపు మైక్రోటిక్ పెట్టెలలో షెడ్యూలర్ అని వేరే ఏర్పాటు. సిస్కోలో ఉన్నది కూడా పలకడానికి క్రానే, ఇంగ్లీషు స్పెల్లింగులో మొదటి అక్షరమే మారుతుంది.

పట్టిక వ్రాయడం పావుగంట పని. అసలు చిక్కు గడియారం దగ్గర. చవక రౌటర్లలో చాలావాటికి గడియారాన్ని నడిపే బ్యాటరీ ఉండదు. కరెంటు పోతే వేళ మరచిపోతాయి. యూనిక్స్ లెక్క 1970 జనవరి 1 నుండి మొదలు గనుక, కొన్ని పెట్టెలు లేవగానే అదే సంవత్సరం అనుకొంటాయి! ఓపెన్‌వర్ట్ కొంత నయము, తన ఫైళ్లలో అన్నిటికన్నా కొత్తదాని తేదీ పట్టుకొని అక్కడి నుండి లెక్కపెడుతుంది. తరువాత లైను రాగానే ఎన్‌టీపీ అనే పద్ధతిలో దూరపు గడియారాలను అడిగి సరిచేసుకొంటుంది.

ఎన్‌టీపీ ఇచ్చేది ప్రపంచ ప్రామాణిక సమయము. మన వేళ దానికి ఐదున్నర గంటలు ముందు. ఇండియా టైము అని రౌటరులో పెట్టకపోతే ఏమవుతుందో చూడండి. పదిన్నరకు ఆగవలసినది తెల్లవారి నాలుగింటికి ఆగుతుంది. ఐదింటికి రావలసినది పొద్దున పదిన్నరకు వస్తుంది. అనగా రాత్రంతా సినిమాలకు నెట్ ఉండి, చదివే వేళకు ఉండదు.

ఇంకొకటి. క్రాన్ బాకీ పనులు చేయదు. పది గంటల ఇరవైకి కరెంటు పోయి పదకొండుకు వస్తే, మధ్యలో పోయిన పదిన్నర పోయినట్లే. కాబట్టి పెట్టె లేచి వేళ సరిచేసుకొన్న తరువాత, ఇప్పుడు నెట్ ఉండవలసిన వేళా కాదా అని చూసుకొనే పని కూడా వ్రాసి పెట్టాలి. పరీక్ష రోజు పొద్దున ఐదింటికి కరెంటు లేకపోతే దీని విలువ తెలుస్తుంది.

తెల్లవారుజామున నాలుగున్నరకు రౌటరు తనంతట తాను రీబూట్ కావాలని కొందరు పెడతారు. ఇందులో తమాషా ఉన్నది. లేచిన పెట్టె పాత ఫైలు తేదీ చూసి ఇంకా నాలుగున్నర కాలేదనుకొంటే మళ్లీ రీబూట్, మళ్లీ మళ్లీ అదే. అందుకే ఓపెన్‌వర్ట్ వారు 70 సెకన్లు ఆగి, ఒక ఫైలు తేదీ తాజా చేసి, అప్పుడు రీబూట్ చేయమంటారు. మాకైతే ఈ రోజువారీ రీబూటే అనవసరం అనిపిస్తుంది.

ఈ టైంటేబుల్ దొంగలకూ పనికివస్తుంది. 2021లో మేరిస్ అనే ముఠా రౌటర్ల సంగతి బయటపడినప్పుడు మైక్రోటిక్ వారు చెప్పినది ఇదే: షెడ్యూలరులో బయటి నుండి స్క్రిప్టు తెచ్చుకొనే పంక్తులు ఉంటే తీసివేయండి, పాస్‌వర్డు మార్చండి. లోపాన్ని 2018లోనే సరిచేశారు. కాని అంతకు ముందే పాస్‌వర్డులు పోయినవారికి కొత్త సాఫ్ట్‌వేరు ఒక్కటే చాలలేదు.

అందువల్ల మన పట్టికను కాగితం మీద వ్రాసి గోడకు అంటించాము. అందులో లేని పంక్తి పెట్టెలో కనిపిస్తే అడగండి. పాస్‌వర్డు ఇద్దరి దగ్గరే ఉంటుంది, వారి పేర్లు కార్యదర్శి గారికి తెలుసు. టీ అయిన తరువాత పక్క గదిలో రౌటరు తెరచి చూపిస్తాము, పిల్లలు ముందు రావాలి.