కేంబ్రిడ్జిలో ఒక వేసవి



వేసవి సెలవులనగానే మనకు పుట్టిల్లు, మామిడిపళ్ళు, ఆవకాయ జాడీలు గుర్తుకొస్తాయి. పోయిన వేసవిలో మాత్రం మా అబ్బాయి ఉద్యోగం ధర్మమా అని నేను ఇంగ్లండులో కేంబ్రిడ్జి చూసి వచ్చాను. ఆ ముచ్చట్లు మీతో చెప్పుకుంటాను.

ఊరు చిన్నదే. పక్కనే కేమ్ నది. నది అంటే మన గోదావరిని ఊహించుకునేరు! పెద్ద పంటకాలవంత ఉంటుంది. అడుగు చదునుగా ఉన్న పడవలను పొడుగాటి గడతో తోసుకుపోతారు. గట్టు వెంబడి కాలేజీలు. 1446లో కట్టడం మొదలుపెట్టిన కింగ్స్ కాలేజీ ప్రార్థనామందిరంలో తలెత్తి చూస్తే, రాతి విసనకర్రలు విప్పి పైకప్పుకు అమర్చినట్లుంటుంది. నది వెంట రెండు మైళ్ళు నడిస్తే గ్రాంచెస్టర్ అనే పల్లె. దారంతా పచ్చికబయళ్ళు, మేస్తున్న ఆవులు. అక్కడ పళ్ళతోటలో చెట్లకింద కుర్చీలు వేసుకుని టీ తాగాము. జూన్ నెలలో రాత్రి తొమ్మిదయినా వెలుతురే!

మర్నాడు గిర్టన్ కాలేజీకి వెళ్ళాము. ఆడపిల్లల కోసం 1869లో వెలసిన ఈ కాలేజీ ఊరికి రెండు మైళ్ళ పైచిలుకు దూరం. మన హైదరాబాదు పిల్ల సరోజినీ నాయుడు పెళ్ళికి ముందు ఇక్కడ చదువుకున్నారు. ఆ రోజుల్లో ఆడపిల్లలు పరీక్షలు రాయవచ్చు, మగపిల్లలను మించి మార్కులూ తెచ్చుకోవచ్చు. డిగ్రీ మాత్రం ఇవ్వరు! 1897లో ఆ సంగతి ఓటుకు పెడితే, మగ విద్యార్థులు సైకిలెక్కిన ఆడబొమ్మను వీధిలో వేలాడగట్టి గేలి చేశారు. చివరకు డిగ్రీలిచ్చింది 1948లో. మన కలకత్తాలో అంతకు అరవై ఏళ్ళ ముందే కాదంబినీ గంగూలీ, చంద్రముఖీ బసు పట్టభద్రులయ్యారు. ఆ మాట తలచుకుంటే గర్వంగానే ఉంది.

కాని ఆ వెనకే నా సంగతి గుర్తుకొచ్చి మనసు చివుక్కుమంది. వాళ్ళు ఇవ్వమన్నా చదివారు. నాకెవరూ ఇవ్వమనలేదే! పెళ్ళయిందని బి.ఏ. రెండో ఏట మానేశాను. తరవాత పిల్లలు, అత్తగారి జబ్బు, వంటిల్లు... సాకులకేం కొదవ?

ఇంటికి రాగానే పెట్టె అడుగునున్న పాత మార్కుల కాగితాలు వెతికి, దూరవిద్యకు దరఖాస్తు పెట్టాను. "ఈ వయసులోనా?" అన్నారు మావారు. అంటూనే ఫీజు కట్టి వచ్చారు లెండి.

మీ పెట్టె అడుగున కూడా అలాంటి కాగితాలేవో ఉండే ఉంటాయి. ఈ సెలవుల్లో ఒకసారి తీసి చూడరూ?