ఆగడం నేర్చిన యంత్రం

1924లో జపాన్‌లో సకిచి టొయోడా తయారుచేసిన మరమగ్గం పడుగుపోగు తెగితే తనంతట తానే ఆగిపోయేది. లోపమున్న గుడ్డ నేయడం కన్నా ఆగడమే మేలన్న ఈ సూత్రం తరువాత టొయోటా కార్ల కర్మాగారానికీ వచ్చింది. అక్కడ లోపం గమనించిన కార్మికుడు తాడు లాగుతాడు. వెంటనే సరికాకపోతే లైన్ ఆగుతుంది.

తాయిచి ఓనో ప్రవేశపెట్టిన కాన్‌బాన్ కార్డు, వాడినన్ని విడిభాగాలనే తిరిగి తెప్పిస్తుంది. నిల్వలు తగ్గితే లోపాలు దాగవు. ఇదే లీన్ ఉత్పత్తి.

కంప్యూటర్ సమీకృత ఉత్పత్తిలో డిజైన్, యంత్రాలు, స్టోర్స్ ఒకే సమాచారంతో నడుస్తాయి. అయితే లెక్క తప్పితే ఆ తప్పూ అంతే వేగంగా అన్నిచోట్లకూ చేరుతుంది.

2011 భూకంపం తరువాత విడిభాగాలు అందక జపాన్‌లో కార్ల ఉత్పత్తి నిలిచింది. ఏ నిల్వ వృథా, ఏది రక్షణ? ఇది తేల్చవలసింది ఇంజనీరే.