పాత బడికి కొత్త గదులు



ఒక పాఠశాలలో పిల్లల సంఖ్య పెరిగింది. గదులు చాలడం లేదు. పాత భవనాన్ని పడగొట్టకుండా దానికి ఆధునికమైన కొత్త భాగాన్ని చేర్చాలి. దాన్ని ఎలా రూపొందించాలి? ఈనాటి మన ప్రసంగ విషయం ఇదే.

ఆ పాఠశాల జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ నగరంలో, సిద్ధగోరా ప్రాంతంలో ఉందనుకుందాం. తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఉక్కు నగరం ఇది. 1940వ దశకం మధ్యలో ఈ నగరానికి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసిన జర్మన్ వాస్తుశిల్పి ఓటో కోనిగ్స్‌బెర్గర్, తరువాతి కాలంలో ఉష్ణమండల గృహ నిర్మాణంపై ఒక ప్రసిద్ధ గ్రంథానికి సహరచయిత అయ్యారు. నేలనూ, ఎండనూ, గాలినీ చూశాకే ప్లాను గీయాలన్నది ఆ శాస్త్రానికి మూలసూత్రం.

ఆధునికం అనగానే మనకు అద్దాలు, రంగులు, కంప్యూటరు గది గుర్తుకొస్తాయి. అవి తరువాతి మాట. కొత్త భాగం పాత భవనం నుండి మూడింటిని లాక్కోకూడదు. అవి బలం, వెలుతురు, బయటపడే దారి.

మొదట బలం సంగతి చూద్దాం. పాత భవనం ఎన్నో ఏళ్లుగా తన బరువుకు నేలలో కుదురుకుని ఉంటుంది. కొత్త భవనం కట్టాక కొద్దికొద్దిగా దిగుతుంది. రెండింటినీ కలిపి స్లాబు పోస్తే, ఒకటి దిగి మరొకటి దిగక, కలిసిన చోట బీటలు వస్తాయి. పైగా కాంక్రీటు వేడికి వ్యాకోచిస్తుంది. ఒక డిగ్రీ సెల్సియస్‌కు దాని పొడవులో సుమారు లక్షో వంతు పెరుగుతుంది. అంటే 30 మీటర్ల భవనం 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 6 మిల్లీమీటర్లు సాగుతుందన్నమాట! అందుకే కొత్త భాగానికి సొంత పునాది, సొంత స్తంభాలు ఉండాలి. రెండు భవనాల మధ్య సన్నని ఖాళీ వదలాలి. దీనిని ఎక్స్‌పాన్షన్ జాయింటు అంటారు. పక్కన కాకుండా పాత భవనం పైనే అంతస్తు వేయాలంటే, దాని పునాది ఆ బరువు మోయగలదో లేదో ముందుగా ఇంజనీరు పరీక్షించి తీరాలి.

ఇక వెలుతురు. జంషెడ్‌పూర్ సుమారు 22.8 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. డిసెంబరు 22 ప్రాంతంలో అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణ దిక్కున 44 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. 7 మీటర్ల ఎత్తున్న కొత్త భవనాన్ని పాతదానికి దక్షిణంగా కడితే, ఆ వేళ దాని నీడ ఉత్తరానికి 7 మీటర్లకు పైగా పడుతుంది. అంతకన్నా దగ్గరగా కడితే పాత గదుల్లో పిల్లలకు చలికాలపు ఎండ కరువవుతుంది.

కొత్త గదుల కిటికీలు ఉత్తర, దక్షిణ దిక్కులకు ఉండటం మంచిది. తూర్పు, పడమర గోడలపై పడే ఏటవాలు ఎండను ఆపడం కష్టం. దక్షిణపు ఎండను ఆపడం సులువు. 1.2 మీటర్ల ఎత్తున్న కిటికీకి సరిగ్గా పైన 60 సెంటీమీటర్ల సన్‌షేడ్ వేయండి. మార్చి మధ్య నుండి సెప్టెంబరు వరకు, ఎండ మండే కాలమంతా, మధ్యాహ్నం కిటికీ మొత్తం నీడలో ఉంటుంది. డిసెంబరులో కింది సగానికి ఎండ తగులుతుంది. విద్యుత్తు అక్కరలేని యంత్రం ఇది!

చివరిది, అన్నింటికన్నా ముఖ్యమైనది, బయటపడే దారి. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక పాఠశాల వంటశాలలో నిప్పు అంటుకుంది. మంటలు పై అంతస్తులో ఆకుల కప్పు ఉన్న తరగతులకు పాకాయి. కిందికి రావడానికి ఇరుకైన మెట్లదారి ఒక్కటే ఉంది. 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ తరువాత 2009లో సుప్రీంకోర్టు దేశంలోని పాఠశాలలన్నీ అగ్నిమాపక భద్రతా నియమాలు పాటించాలని ఆదేశించింది. ఆ సంవత్సరమే వచ్చిన విద్యాహక్కు చట్టం పాఠశాల భవనంలోకి అందరూ అడ్డంకులు లేకుండా రాగలగాలని చెప్పింది.

ఇప్పుడు మన ప్లాను చూడండి. పాత వరండా చివర బయటికి దారి ఉంటే, కొత్త గది సరిగ్గా అక్కడికే వచ్చి దాన్ని మూసేస్తుంది. చాలాచోట్ల జరిగే పొరపాటు ఇదే. కాబట్టి పాత వరండాను కొత్త భాగంలోకి పొడిగించి, దాని చివర వెడల్పైన రెండో మెట్లదారిని, చక్రాల కుర్చీ కోసం ర్యాంపును కట్టాలి. అప్పుడు కొత్త భవనం పాత గదుల పిల్లలకు కూడా మేలు చేస్తుంది.

మీకు ఒక చిన్న పని. రేపు బడికి వెళ్లగానే వరండా రెండు చివరలకూ నడవండి. అక్కడ తలుపుకు తాళం ఉన్నా, మెట్ల మీద విరిగిన బల్లలు పేర్చి ఉన్నా, వెంటనే మీ ప్రధానోపాధ్యాయులకు చెప్పండి. భవన రూపకల్పనలో మీ మొదటి పాఠం అదే.