ఒంటికి అంటని బట్ట: దక్షిణ చైనా వేసవి దుస్తుల చరిత్ర

యాంగ్సీ నదీలోయ నుండి దక్షిణ సముద్రతీరం వరకు వ్యాపించిన చైనా ప్రాంతాలలో వేసవి గాలి నీటి ఆవిరితో బరువెక్కి ఉంటుంది కాబట్టి, చెమట త్వరగా ఆరదు, తడిసిన బట్ట ఒంటికి అతుక్కుపోతుంది, బట్టకూ చర్మానికీ నడుమ గాలి ఆడదు. పొడి వేడిలో ఎండను అడ్డుకుంటే చాలావరకు పని తీరుతుంది గాని, తేమ వేడిలో బట్టను ఒంటికి దూరంగా నిలపడమే అసలు సమస్య. ఒళ్లంతా కప్పుకోవడమే మర్యాదగా ఎంచిన సమాజం ఈ సమస్యను నేతతో, అద్దకంతో ఎలా పరిష్కరించుకున్నదో ఈ స్మారకోపన్యాసం సభ ముందుంచుతుంది. ఈ చరిత్రను తలచేవారు ముందుగా షెన్ సుంగ్‌వెన్‌ను (1902–1988) తలచుకోవడం న్యాయం. హునాన్‌లో పుట్టిన ఆ నవలాకారుడు 1949 తరువాత కథారచనను దాదాపుగా విడిచిపెట్టి, బీజింగ్‌లోని చరిత్ర మ్యూజియంలో పనిచేస్తూ సాగించిన ప్రాచీన వస్త్రధారణ పరిశోధన 1981లో గ్రంథంగా వెలువడింది.

పట్టు ఎంత ప్రఖ్యాతి పొందినా, సామాన్యుల వేసవి నారబట్టతోనే గడిచింది. ఆ నారలలో ముఖ్యమైనది రామీ అనే పొద కాండపు బెరడు నుండి వచ్చేది. జెజియాంగ్‌లోని చియాన్‌షాన్‌యాంగ్ తవ్వకాలలో నాలుగు వేల ఏళ్లకు పైబడిన రామీ గుడ్డముక్కలు దొరికాయి. బెరడును సన్నని పోగులుగా చీల్చి, కొసకు కొస చేతితో పురిపెట్టి కలిపి నేసే ఈ బట్టను షియాబు, అనగా వేసవి గుడ్డ, అంటారు. రామీ చెమటను పీల్చి వెంటనే వదిలేస్తుంది, తడిసినప్పుడు మరింత గట్టిపడుతుంది, సహజంగా బిరుసైనది కనుక ఒంటికి అంటదు. హునాన్‌లోని ల్యూయాంగ్, జియాంగ్షీలోని వాన్‌జాయ్, చోంగ్‌చింగ్‌లోని రోంగ్‌చాంగ్ ఈ నేతకు పేరుపొందిన ఊళ్లు.

సంపన్నుల మార్గం పట్టును పలుచబరచడం. 1972లో చాంగ్‌షా వద్ద మావాంగ్‌దుయ్‌లో తవ్విన, క్రీ.పూ. రెండవ శతాబ్దపు సమాధిలో లభించిన సాదా పట్టు అంగీ బరువు 49 గ్రాములు మాత్రమే; దాన్ని వేసవిలో తొడిగారో, ఇతర దుస్తులపై అలంకారంగా కప్పుకున్నారో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు గనుక, దాన్ని ఆనాటి నేతపనితనానికి సాక్ష్యంగా మాత్రమే స్వీకరించడం మేలు. వేసవి సంగతికి వస్తే, 1243లో పదిహేడేళ్ల వయసులో మరణించిన హువాంగ్ షెంగ్ అనే యువతి సమాధి మరింత విలువైనది. 1975లో ఫూజౌ నగరంలో బయటపడిన ఆ సమాధిలోని వందలాది వస్త్రాలలో 16.7 గ్రాముల బరువున్న చేతులు లేని పైతొడుగు ఒకటి ఉంది. అది లూవో నేత. అందులో పక్కపక్కనున్న పడుగు పోగులు ఒకదానినొకటి మెలివేసుకొని పేకను పట్టి ఉంచుతాయి కాబట్టి, నేత ఎంత వదులైనా కన్నాలు చెదరవు, వాటి గుండా గాలి ధారాళంగా ఆడుతుంది.

చింగ్ వంశకాలంలో కొలువు మర్యాద వేసవిలో కూడా నిండు అంగీని కోరేది. అందువల్ల సన్నని వెదురు కొమ్మలను చిన్నచిన్న గొట్టాలుగా కోసి, దారంతో వలలాగా గుచ్చి, లోచొక్కాగా తొడుక్కునేవారు. ఆ వల విలువైన పట్టుకు చెమట తగలనివ్వదు, ఒంటి చుట్టూ గాలికి చోటిస్తుంది; రంగస్థల నటులు సైతం దీన్ని వాడారు.

అయితే ఈ చరిత్రలో అత్యంత గౌరవం దక్కవలసినది గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రపు పర్ల్ నదీ డెల్టాలోని షుండే ప్రాంతపు అద్దకందార్లకు. అక్కడి షియాంగ్‌యున్‌షా అనే పట్టు తయారీలో, పెండలం జాతికి చెందిన షూలియాంగ్ అనే అడవి దుంపను దంచి, వగరు రసం తీసి, అందులో బట్టను ముంచి, పచ్చికపై పరచి ఎండబెట్టడం అనేకసార్లు సాగుతుంది. ఆ తరువాత, ఎండ తగలకూడదు కనుక తెల్లవారకముందే, నది అడుగు నుండి తెచ్చిన ఇనుము నిండిన బురదను ఒక వైపున మాత్రమే పూస్తారు. దుంపలోని టానిన్, అనగా వగరు ద్రవ్యం, ఇనుముతో కలిసి ఆ వైపును నిగనిగలాడే నలుపుగా మారుస్తుంది, రెండవ వైపు గోధుమ రంగులోనే ఉండిపోతుంది. కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డపై ఇనుప తుక్కు ఊరిన ద్రావకం నల్లని గీతగా మారడానికీ ఇదే రసాయన చర్య కారణం. బురద కడిగేశాక, సాయంత్రం పచ్చికపై పరిచి మంచుతేమ పట్టిస్తే బట్ట మెత్తబడుతుంది. ఈ పూత వల్ల పట్టుకు కొంత బిరుసుతనం వచ్చి, చెమటకు అతుక్కోకుండా, ఉతికిన వెంటనే ఆరిపోతుంది. ఏళ్లు గడిచి ఉతికినకొద్దీ మృదువవుతుంది. డెల్టాలోని శ్రామికులు మొదలుకొని, 1930లనాటి షాంఘైలో చిపావో అనే బిగుతైన నిలువుటంగీ తొడిగిన స్త్రీల వరకు దీన్ని ధరించారు.

కృత్రిమ నూలు వచ్చాక ఈ పరిశ్రమ క్షీణించింది. 2008లో చైనా ప్రభుత్వం దీన్ని జాతీయ అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. బట్టను ఆరబెట్టడానికి విశాలమైన పచ్చికమైదానం, తగిన నదీ బురద, నిక్కమైన ఎండ, ఈ మూడూ ఒకేచోట ఉండాలి గనుక, నగరాలు విస్తరించిన డెల్టాలో ఈ పనికి అనువైన నేల నానాటికీ తగ్గుతున్నది. అయినా షుండేలోని లున్‌జియావోలో వసంతం దాటింది మొదలు శరదృతువు వరకు ఇంకా ఆ గోధుమ రంగు పట్టు బారులు పచ్చికపై పరుస్తూనే ఉన్నారు.