మూత్రపిండములు లేని ఎలుక కాలేయము

(తలిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



మూత్రపిండము చెడినచో మూత్రము చెడునని మాత్రమే పెక్కురు తలంతురు. దానితోపాటు కాలేయమును బాధపడునని ఎలుకలపై జరిగిన పరిశోధనలు తెలిపినవి. ఆ సంగతిని మన తెలుగులోనే విన్నవింపగోరుచున్నాము.

ముందు రక్తపు దారిని చూతము. కాలేయమునకు వచ్చు రక్తములో ధమని తెచ్చునది పాతిక వంతు. తక్కిన ముప్పాతికను ప్రేవులు మొదలగు వానినుండి ద్వారసిర మోసికొని వచ్చును. కావున ప్రేవులలో ఏ విషము పుట్టినను తొలి తాకిడి కాలేయమునకే.

2011లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు చిట్టెలుకల మూత్రపిండములను తొలగించి చూచిరి. కాలేయము జోలికి ఎవరును పోలేదు. అయినను త్వరలోనే ద్వారసిర శాఖల చెంతనున్న కాలేయకణములు చావసాగెను. తెల్లకణములు అచట ముసరుకొనెను. చిన్నప్రేవుల సూక్ష్మరక్తనాళములు సైతము దెబ్బతిని, వాని గోడలు పట్టు తప్పెను. వాపును మంటను రేపు ఇంటర్‌ల్యూకిన్-17ఏ అను పదార్థము ఒంటిలోని తక్కిన రక్తమునందుకంటె ద్వారసిర రక్తమునందు హెచ్చుగా నుండెను. నిప్పు ఎచట రాజుకొన్నదో దీనిచే తెలిసినది! ఆ పదార్థమును అణచు ప్రతిరక్షకములను పొందిన ఎలుకల కాలేయమునకు హాని తగ్గినది.

మూత్రపిండములు క్రమముగా క్షీణించినచో మరియొక చిక్కు కలదు. 2001లో కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు ఎలుకల మూత్రపిండములలో ఆరింట ఐదు వంతులు తీసివేసి కొంతకాలము పెంచిరి. మందులను విరుచు సైటోక్రోమ్ పి-450 అను కాలేయపు ఎంజైములు ఎంతగానో తగ్గెను. మరుసటి యేట, అట్టి ఎలుకల రక్తరసమును ఆరోగ్యముగానున్న కాలేయకణములకు చేర్చినను ఇదే జరిగినది. దోషము రక్తమందే యున్నదన్నమాట.

ఎలుకకు జరిగినదెల్ల మనుష్యునకు అట్లే జరుగునని మేము చెప్పము. కాని మూత్రపిండవ్యాధి గలవానికి, కాలేయము విరువవలసిన మందు సైతము ఒంట నిలిచిపోవచ్చును. వైద్యులు కొన్ని మందుల మోతాదు తగ్గించుటకు ఇదియొక కారణము. శ్రీకాకుళపు ఉద్దానము మన బరంపురమునకు ఎంతో దూరము కాదు. మూత్రపిండవ్యాధి అచట ఎంత ప్రబలినదో, అచట బంధువులున్న మీకు చెప్పనక్కరలేదు. ఒళ్లునొప్పులకని మీయింట మిగిలిన మాత్రలను వైద్యుని అడుగక వారికి పంపకుడు.

ఒక మూత్రపిండమును దానమిచ్చినవారు మాత్రము ఈ మాటలకు బెదరవలదు. రెండవది ఆరోగ్యముగానున్నచో కొంత పెరిగి, పోయినదాని పనిని చాలవరకు అందుకొనును. ఎలుకలలోను అంతే.